గొర్రెపిల్లా, ఎస్కార్ట్ కార్డూ

స్కూలు నుంచి మనవరాల్ని తీసుకురావడానికి చూపించాల్సిన ఎస్కార్ట్ కార్డు ఇప్పుడు మా ఇంట్లో క్యాలెండర్ మేకుకి వేలాడుతోంది. నీలం తాడు, లామినేషన్, నా ఫోటో. ఫోటో కింద నా పేరు, దాని కింద "గార్డియన్-3". తాత అని రాయమంటే ఆ గడి లేదన్నారు. దీని కోసం గత వారం నేను పడ్డ పాట్లు ఇవాళే రాసెయ్యాలి, రేపటికి కోపం చల్లారిపోతుంది.

మా మనవరాలు రెండో తరగతి. విశాఖలో సిస్టర్లు నడిపే ఒక క్యాథలిక్ ప్రైమరీ స్కూల్లో చదువుతోంది. పేరు చెప్పను, పిల్ల ఇంకా మూడేళ్ళు అక్కడే చదవాలి. ఏడాది పొడుగునా దాన్ని తీసుకెళ్ళి తీసుకొచ్చే ఆటో అతను ఈసారి అయ్యప్ప మాల వేసుకున్నాడు. నవంబర్ ఆఖర్లో ఇరుముడి కట్టుకుని శబరిమల రైలెక్కేశాడు. పది రోజులు రాడు. మా అమ్మాయిది అనకాపల్లిలో బ్యాంకు ఉద్యోగం, పొద్దున్నే ఏడున్నరకి ఇల్లు కదలాలి. అల్లుడుగారు ఓడ మీద ఇంజనీరు, సింగపూర్ దాటామని మొన్నెప్పుడో మెసేజ్ పెట్టారు. ఇక ఖాళీగా ఉన్నవాణ్ణి నేనే కదా. "వారం రోజులేగా నాన్నా" అంది అమ్మాయి.

ఆ వారంలోనే వచ్చిపడ్డాయి స్కూలు పండగలన్నీ.

సోమవారం 1వ తేదీ సులువుగానే గడిచింది. అసెంబ్లీలో పచ్చటి ఆకుల చక్రం పెట్టి, అందులో నాలుగు కొవ్వొత్తులు నిలబెట్టారట. మూడు ఊదా రంగువి, ఒకటి గులాబి. క్రిస్మస్‌కి ముందు వచ్చే నాలుగు ఆదివారాలకి నాలుగు, వారానికొకటి చొప్పున వెలిగిస్తారు. ఆగమన కాలం అంటారు దాన్ని. మా దానికి నచ్చింది గులాబి కొవ్వొత్తి. దాని వంతు మూడో వారానికి గానీ రాదని తెలిసి దిగాలుగా ఇంటికొచ్చింది.

మంగళవారం బీచ్‌లో కురుసుర సబ్‌మెరైన్ చూపించారు. సోమవారాలు మ్యూజియానికి సెలవు. ఆ సబ్‌మెరైన్ 1969లో నౌకాదళంలో చేరి, 2001లో సెలవు తీసుకుని, ఆ మరుసటేడాది నుంచి ఇసుకలో కూర్చుంది. నాలాగే రిటైరైంది గానీ దాన్ని చూడ్డానికి జనం టికెట్టు కొనుక్కుని మరీ వస్తారు. పిల్ల తెచ్చిన సమాచారం ఒక్కటే: "తాతా, లోపల బాత్రూమ్ మన బీరువా అంత ఉంది."

ఆ రెండు రోజులూ పిల్లలందరినీ వరసగా నిలబెట్టి ఆటోలకీ వ్యాన్లకీ ఎక్కించారు. అదే ఆటో స్టాండు దగ్గర క్లాస్ టీచర్ పిల్లని నాకు అప్పగించింది. ఎవరూ ఏమీ అడగలేదు. అందుకే ముంచుకొచ్చేది నాకు తెలియలేదు.

బుధవారం 3వ తేదీ, క్రైస్తవ మత ప్రచారకుడు పునీత ఫ్రాన్సిస్ జేవియర్ పండుగ. పిల్లలు ఆయన గురించి స్టేజీ మీద మాట్లాడాలి. ఆ ఉపన్యాసం నేను రాసిచ్చాను, బాగా రాశాను కూడా. 1541 ఏప్రిల్లో లిస్బన్‌లో ఓడెక్కిన మనిషి 1542 మేలో గోవాలో దిగాడు. పదమూడు నెలలు! నాలా పోర్టులో పనిచేసినవాడికి ఆ పదమూడు నెలలంటే ఏమిటో తెలుస్తుంది. 1552లో ఇదే తేదీన చైనా ఒడ్డున ఒక దీవిలో కన్నుమూశాడనీ, ఆయన భౌతికకాయం ఇప్పటికీ గోవాలోనే ఉందనీ ముగించాను. క్లాస్ టీచర్ ఎర్ర పెన్నుతో ఓడ ప్రయాణం మొత్తం కొట్టేసి, ఐదు వాక్యాలు చాలంది. సరే. మూడో బహుమతి వచ్చింది. ఓడ ఉండి ఉంటే మొదటిదే వచ్చేది.

అదే రోజు క్రిస్మస్ నాటికకి వేషాలతో రిహార్సల్. మా దానికి మరియమ్మ వేషం కావాలని ఆశ. ఇచ్చింది గొర్రెపిల్ల. పశువుల పాకలో ఓ మూల కూర్చుని రెండుసార్లు "బే" అనాలి, మధ్యలో గోక్కోకూడదు. పూర్ణా మార్కెట్లో దూది కొనుక్కొస్తే, మా ఆవిడ పాత దుప్పటి మీద ఫెవికాల్ రాసి అంటించింది. చెవులు నా నల్ల సాక్సులు. ఎవరైనా ఇలాంటిది చెయ్యాల్సివస్తే ఫెవికాల్ జోలికి పోకండి, సూదీ దారంతో కుట్టండి. రాత్రంతా ఫ్యాను కింద ఆరబెట్టినా, పొద్దున స్కూలు దాకా ఆటో నిండా దూదే. ఆ ఆటో అతను నన్ను చూసిన చూపుకి పది రూపాయలు ఎక్కువిచ్చాను.

ఆ రోజు పన్నెండుంబావుకే వదిలేస్తారని ముందురాత్రి పది దాటాక పేరెంట్స్ వాట్సాప్ గ్రూపులో పెట్టారు. అమ్మాయి నన్నూ అందులో చేర్పించింది. మేం తొమ్మిదికే పడుకునేవాళ్ళం. పొద్దున లేచి చూస్తే ఆ ముక్క ముప్ఫై రెండు గుడ్‌మార్నింగ్ పూల కింద ఉంది. పూలు పెట్టేవాళ్ళకి ఒక నమస్కారం. మీ పూలు మీ ఇంట్లో దేవుడికి పెట్టుకోండి.

పదకొండు యాభైకల్లా గేటు దగ్గరున్నాను. ఈసారి ఆటో స్టాండు వరస లేదు, తల్లిదండ్రులే గేటు దగ్గరికి రావాలట. వచ్చినవాళ్ళ మెడల్లో నీలం తాళ్ళు, తాళ్ళకి కార్డులు. ఒక్కొక్కరూ చూపిస్తున్నారు, లోపల్నించి ఆయమ్మ పేరు పిలుస్తోంది, పిల్ల వస్తోంది. నా వంతు వచ్చింది.

"కార్డుందేటండి?" అన్నాడు వాచ్‌మన్.

"లేదు బాబూ. నేను తాతని."

"తాతలైనా నాన్నలైనా కార్డుండాలండి. నేనేటి సెయ్యనండి, సిస్టరమ్మ ఒగ్గొద్దన్నాది. ఓపాలి పక్కకి నిలబడండి."

పక్కకి నిలబడ్డాను. డిసెంబరే అయినా పన్నెండింటికి మన విశాఖ ఎండ సంగతి తెలిసిందే. ఊచల వెనకాల నుంచి నా గొర్రెపిల్ల నన్ను చూసి "తాతా!" అని పరిగెత్తుకొచ్చింది. సగం దూది రాలిపోయి, ఒక చెవి వేలాడుతోంది. వాచ్‌మన్‌కి చూపించాను, "చూడు, నన్ను గుర్తుపట్టింది కదా!" అని. "పిల్లల మాట సెల్లదండి" అన్నాడు. ఆయమ్మ వచ్చి దాని చెయ్యి పట్టుకుని మళ్ళీ క్లాసులోకి తీసుకుపోయింది. అది వెనక్కి తిరిగి తిరిగి చూస్తూ వెళ్ళింది.

అదికాదు నన్ను కుంగదీసింది. నా పక్కనుంచి ఒకావిడ కొడుకుతో బయటికొస్తూ, నన్నొకసారి ఎగాదిగా చూసి, పిల్లాణ్ణి ఇటు చెయ్యి వదిలించి అటు చేతికి మార్చుకుంది. అంతే చేసింది, ఏమీ అనలేదు. అరవై ఆరేళ్ళొచ్చాయి నాకు. అప్పుడు నా ముఖం ఎలా ఉందో నాకు తెలీదు గానీ, ఆవిడకి ఎలా కనిపించిందో తెలిసింది.

అమ్మాయికి ఫోన్ చేశాను, ఎత్తలేదు. కౌంటర్లో ఉంటే ఫోన్ సొరుగులో పెట్టేస్తుంది. ఆటో అతనికి చేశాను, మలయాళంలో ఏదో చెప్పి కట్టయింది. రెండోసారి కలిసింది. "కార్డా స్వామీ? నా దగ్గరే ఉంది స్వామీ. సంచీలో వచ్చేసింది స్వామీ. స్వామి దర్శనం బాగా అయింది స్వామీ!" అన్నాడు. మా పిల్ల కార్డు సన్నిధానం దాకా పోయి పుణ్యం కట్టుకుంది, నేను గేటు బయట నిలబడ్డాను. ఆటో అతన్ని నమ్మండి, నమ్మకస్తుడే. కార్డు మాత్రం సాయంత్రం ఇంట్లో ఇచ్చి పొమ్మనండి.

పన్నెండు యాభైకి హెడ్‌మిస్ట్రెస్ సిస్టర్ వచ్చింది. సన్నగా, తెల్ల చీరలో, మలయాళం యాసలో తెలుగు. అప్పటికి గేటు దగ్గర మిగిలింది నేనూ, ఐస్‌క్రీం బండీ. నాలో ఉన్నదంతా పైకి తన్నుకొచ్చింది.

"అమ్మా, నేను పోర్టులో ముప్ఫై మూడేళ్ళు చేసినవాణ్ణి. అందులో చాలా కాలం గేటు పాసుల సెక్షన్లోనే. పాసంటే ఏమిటో నాకు మీరు చెప్పక్కర్లేదు!"

ఆవిడ కోప్పడలేదు. "అయితే మంచిదే సార్, మీకే బాగా తెలుసు. పాసు లేకుండా ఒకరు వచ్చి, నేను ఫలానావారి తాతని అంటే మీరు పంపించేవారా?" అంది.

ఏం చెప్పను? 2004 జులైలో ఓడలకీ పోర్టులకీ భద్రతా నియమాలు పెట్టిన ఐఎస్‌పీఎస్ కోడ్ అమల్లోకి వచ్చాక ప్రపంచంలో పోర్టులన్నిటికీ గేట్లు బిగిశాయి, మాకూ బిగిశాయి. ఆ వర్షాకాలంలోనే ఒకరోజు మా సొంత డిపార్టుమెంటు ఇంజనీరుగారు పాసు ఇంట్లో మర్చిపోయి వచ్చారు. పదేళ్ళుగా రోజూ చూస్తున్న ముఖం. "ఏమోయ్, నేనేనయ్యా" అన్నారాయన. రూల్ రూలే అని వానలో గంటసేపు నిలబెట్టించాను. ఆ రాత్రి భోజనాల దగ్గర అదంతా మా ఆవిడకి గొప్పగా చెప్పుకున్నాను కూడా. ఇంజనీరుగారు ఇప్పుడు లేరు. సిస్టర్‌కి ఇదేదీ చెప్పలేదు. "లేదమ్మా, పంపేవాణ్ణి కాదు" అని మాత్రం అన్నాను.

ఒంటిగంటా పదికి అమ్మాయి తిరిగి చేసింది. సిస్టర్ వీడియో కాల్ చేయించి, అడ్మిషన్ ఫారం మీది ఫోటోతో దాని ముఖం పోల్చుకుని, అప్పుడు రిజిస్టరు తెరిచింది. "పాపను తాతగారికి అప్పగించాము, 1.25" అని రాసి నా సంతకం తీసుకుంది. గొర్రెపిల్ల తనూ పెడతానంది. సరేనని పెట్టనిచ్చింది సిస్టర్. ఆ ఒక్క పనికి ఆవిడ మీద నాకు కోపం లేదు.

ఆఫీసు గుమాస్తా మీద మాత్రం ఉంది, ఉంటుంది. కొత్త కార్డుకి తల్లి రాసిన ఉత్తరం, ఇద్దరి ఆధార్ నకళ్ళు, రెండు ఫోటోలు, వంద రూపాయలు. కౌంటర్ పది నుంచి పదకొండున్నర వరకే. గురువారం పదింటికే వెళ్తే, మనిషి స్పోర్ట్స్ డే కోసం గ్రౌండులో సున్నం గీతలు గీయిస్తున్నాడు. పదకొండూ ఇరవైకి వచ్చి, ఫోటో వెనక నీలంగా ఉంది, తెల్లగా ఉండాలన్నాడు. స్టూడియోకి పరిగెత్తాను. అక్కడి కుర్రాడు తీసిన ఫోటోలో నా కళ్ళు మూసుకున్నాయి. మళ్ళీ తియ్యమంటే మళ్ళీ డబ్బులన్నాడు, అక్కర్లేదన్నాను. తిరిగొచ్చేసరికి కౌంటర్ మూశారు. ఆ సాయంత్రం అమ్మాయి సగం రోజు సెలవు పెట్టి అనకాపల్లి నుంచి వచ్చి పిల్లని తీసుకుంది.

శుక్రవారం ఇంకో చిక్కు. ఉత్తరంలో అమ్మాయి సంతకం అడ్మిషన్ ఫారంలో ఉన్నదానితో కలవలేదట. అప్పుడు ఇంటిపేరుతో సహా పూర్తిగా పెట్టింది, ఇప్పుడు రోజుకి వంద వోచర్ల మీద పెట్టీ పెట్టీ అది ఒక గీతా ఒక చుక్కా అయింది. "ఇది సంతకమా సార్?" అన్నాడు. దాంతో లక్షలు కదులుతాయయ్యా, మీ గేటు కదలదా అన్నాను. కదల్లేదు. చివరికి సిస్టర్ దగ్గరికెళ్తే ఉత్తరం మీద ఒక మూల పొడి సంతకం చేసింది. మధ్యాహ్నానికి కార్డు చేతికొచ్చింది. నేను చెప్పేది ఏమిటంటే, జూన్‌లో స్కూలు తెరవగానే ఇంట్లో ఉన్న ముసలాళ్ళందరికీ కార్డులు చేయించండి. వంద రూపాయల దగ్గర చూసుకోకండి.

ఈ గొడవలో గురువారం నేవీ డే బొమ్మల పోటీ ఎప్పుడు జరిగిందో కూడా నాకు తెలీదు. పిల్ల సబ్‌మెరైన్ గీసింది, పక్కన బీరువా గీసి బాత్రూమ్ అని రాసింది. 1971 డిసెంబర్లో యుద్ధమప్పుడు మా ఇంట్లో కిటికీలకి నల్ల కాగితాలు అంటించుకున్న సంగతీ, పాకిస్తాన్ సబ్‌మెరైన్ ఘాజీ మన ఒడ్డుకి దగ్గరలోనే మునిగిన సంగతీ రాత్రి చెప్పాను. "అప్పుడు నీకు కార్డుందా తాతా?" అంది.

శనివారం స్పోర్ట్స్ డే. గోనె సంచుల పందెంలో ఆఖరున వచ్చింది.

నిన్న 8వ తేదీ, నిష్కళంక మాత పండుగ, అంటే మరియమ్మ పండుగ. రాస్ హిల్ మీదికి పొద్దున్నించీ జనమే. 1864లో రాస్ అనే ఆయన కట్టుకున్న ఇల్లు తర్వాత చర్చి అయింది. పక్క కొండ మీద దర్గా, ఆ పక్క కొండ మీద వేంకటేశ్వరస్వామి. ఉద్యోగం చేసినన్నాళ్ళూ మూడూ చూస్తూనే ఉన్నాను, ఎక్కింది మాత్రం వేంకటేశ్వరుడి దగ్గరికే. స్కూల్లో చిన్నపిల్లలకి అసెంబ్లీలో పాటలు పాడించి పదకొండుకే వదిలేశారు. నేను పదిన్నరకే కార్డు మెళ్ళో వేసుకుని, చొక్కా మీదికి కనిపించేలా సర్దుకుని గేటు దగ్గర నిలబడ్డాను.

వాచ్‌మన్ నన్ను చూడగానే, "తాతగారొచ్చారు, రెండో తరగతి పాపని పంపండి!" అని లోపలికి కేకేశాడు. కార్డు అడగలేదు.

"చూడవయ్యా" అన్నాను.

"మీరేకదండీ" అన్నాడు.

"అయినా చూడు."

చేతిలోకి తీసుకుని, ఎండకి అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఫోటోలో కళ్ళు మూసుకుపోనాయండి" అన్నాడు.