మా లెక్కలకు రెండో ప్రతి, మూడో ప్రతి

శ్రీకాకుళం జిల్లా పలాసలో మా నాన్నగారి కాలం నుంచి మాది చిన్న జీడిపప్పు ఫ్యాక్టరీ. ఉద్దానం రైతుల దగ్గర 80 కిలోల బస్తాల లెక్కన పిక్కలు కొంటాం. వాటిని ఉడికించి, పగలగొట్టించి, ఆరబెట్టి, పొట్టు ఒలిపించి, గ్రేడుల వారీగా ఏరించి డబ్బాల్లో పైఊళ్లకు పంపిస్తాం. ఈ మధ్య తోటి వ్యాపారులు ఇద్దరు ముగ్గురు, కంప్యూటర్లోని లెక్కలకు బ్యాకప్, అంటే అదనపు ప్రతి, పెట్టుకోవాలనుకుంటున్నామని, ఏ హార్డ్ డిస్కు కొనాలో, ఇంటర్నెట్ ద్వారా వేరే చోట దాచే ఏ క్లౌడ్ సేవ మంచిదో చెప్పమని అడిగారు. ఒక్క మాటలో జవాబు చెప్పడానికి నాకు మనసొప్పలేదు. ఒకప్పుడు మేమూ అదే ప్రశ్నతో మొదలుపెట్టి, మంచి డిస్కే కొని, అయినా లెక్కలు పోగొట్టుకున్నాం. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను మా పక్కనే వజ్రపుకొత్తూరు మండలంలో తీరం దాటింది. ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు ఎలా నేలకూలాయో ఈ ప్రాంతం వారికి నేను చెప్పనక్కర్లేదు. ఆ రాత్రి మా ఆఫీసు గది పైకప్పు రేకులు లేచిపోయి, వాన నేరుగా బల్ల మీద కురిసింది. బల్ల మీద మేము లెక్కలు రాసే టాలీ అనే ప్రోగ్రాము ఉన్న కంప్యూటరు, దానికి తగిలించి ఉంచిన హార్డ్ డిస్కు పక్కపక్కనే ఉన్నాయి. రోజూ రాత్రి ఆ డిస్కులోకి కాపీ పడుతోందన్న ధైర్యంతో మేము నిశ్చింతగా ఉండేవాళ్లం. తెల్లవారి చూస్తే రెండూ ఒకే నీటిలో తడిసి పనికిరాకుండా పోయాయి.

ఆ తరువాత నెలన్నర రోజులు లెక్కలు తిరగరాయడంలో నేను నేర్చుకున్న విషయమే ఈ వ్యాసానికంతటికీ మూలం. అమ్మకాల లెక్క దాదాపు పైసాతో సహా తిరిగి వచ్చింది, ఎందుకంటే మేము వేసిన బిల్లుల వివరాలు జీఎస్టీ పోర్టల్‌లో ఉన్నాయి, బ్యాంకు స్టేట్‌మెంటు బ్యాంకులో ఉంది, కొనుగోలుదారులు తమ దగ్గరున్న మా ఖాతా నకలు పంపారు, మార్చి ఆఖరు వరకు ఉన్న నిల్వలు ఆడిటరు గారి దగ్గర ఉన్నాయి. తిరిగి రానివి రెండే. ఒకటి, రైతులకు చేతిమీద ఇచ్చిన అడ్వాన్సుల్లో ఎంత తీరింది, ఎంత మిగిలింది అన్న లెక్క. రెండోది, ఆ నెల మొదటి తారీఖు నుంచి పప్పు ఒలిచిన ఆడవాళ్ల రోజువారీ తూకాలు. ఈ రెండింటికీ ప్రపంచంలో మా దగ్గర తప్ప మరెక్కడా ప్రతి లేదు. ఫ్యాక్టరీ మళ్లీ తెరిచిన రోజున ఒక పెద్దావిడ వచ్చి, "నా లెక్క పోనేదు గదా బాబూ" అని అడిగింది. ఏం చెప్పాలో నాకు తెలియలేదు. చివరకు ఎవరు ఎంత తూకం చెబితే అంతే ఒప్పుకుని కూలి ఇచ్చాం. ఎవరూ ఎక్కువ చెప్పారని నేను అనుకోను, కొందరు తక్కువే చెప్పి నష్టపోయారేమోనని నాకు ఇప్పటికీ బాధగా ఉంటుంది.

కాబట్టి బ్యాకప్ గురించి ఆలోచించే వారు దుకాణానికి వెళ్లే ముందు ఒక కాగితం తీసుకుని, తమ దగ్గరున్న లెక్కల్లో ఏవి పోతే ఇంకొకరి దగ్గర నుంచి తెచ్చుకోవచ్చో, ఏవి పోతే ఇక దొరకవో విడివిడిగా రాసుకోవాలని నా మనవి. మన జిల్లాలో ఏ వ్యాపారమైనా, బియ్యం మిల్లు కానీ, పొందూరు బట్టల దుకాణం కానీ, మందుల హోల్‌సేలు కానీ, రెండో వరుసలో తేలేవి ఎక్కువగా నమ్మకం మీద నడిచే చిన్నవాళ్ల లెక్కలే. మా కాగితం మీద పెద్ద పార్టీల ఖాతాలన్నీ మొదటి వరుసలోకి వెళ్లిపోయాయి. అప్పటిదాకా మేము ఎక్కువ జాగ్రత్త తీసుకున్నది వాటి విషయంలోనే. కూలి తూకాలు కంప్యూటర్లోకి వారానికి ఒకసారి మాత్రమే ఎక్కించేవాళ్లం. ఇప్పుడు తూకాల పుస్తకంలోని ఆ రోజు పేజీని సాయంత్రం కాగానే ఫోనుతో ఫొటో తీసి, మిగతా లెక్కలతో పాటే భద్రపరుస్తున్నాం.

ఆ కాగితం మీదే ఇంకో రెండు సంగతులు తేల్చుకోవాలి. ఎన్ని రోజుల పనిని మళ్లీ మొదటి నుంచి చేసుకోగలం? లెక్కలు చేతిలో లేకుండా ఎన్ని గంటలు లేదా రోజులు వ్యాపారం నడపగలం? మొదటి దానికి వచ్చే జవాబును బట్టి ఎంత తరచుగా కాపీ తీయాలో, రెండో దాన్ని బట్టి ఆ కాపీ ఎంత దగ్గరలో ఉండాలో తెలుస్తుంది. మా విషయంలో మొదటిది ఒక్క రోజు, రెండోది రెండు రోజులు.

కంప్యూటర్ రంగంలో చాలా కాలంగా చెబుతున్న 3-2-1 సూత్రం చిన్న వ్యాపారానికి కూడా సరిగ్గా సరిపోతుంది. అసలుతో కలిపి మూడు ప్రతులు ఉండాలి, అవి కనీసం రెండు రకాల సాధనాల మీద ఉండాలి, వాటిలో ఒకటి వేరే చోట ఉండాలి. ఈ "వేరే చోట" అన్న మాట దగ్గర కోస్తా వాళ్లం మిగతావారి కంటే ఎక్కువ ఆలోచించాలి. ఫ్యాక్టరీ నుంచి ఇంటికి డిస్కు పట్టుకెళితే దొంగతనం నుంచి, షార్ట్ సర్క్యూట్ మంటల నుంచి కాపాడినట్టే, కానీ తుపానుకు ఆ రెండు చోట్లూ ఒకటే. విజయనగరం వ్యాపారి ఒకరు తన రెండో ప్రతిని విశాఖపట్నంలోని బంధువుల ఇంట్లో ఉంచుతానన్నారు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖ దగ్గర తీరం దాటినప్పుడు విజయనగరం జిల్లా కూడా దెబ్బతిన్న సంగతి గుర్తు చేశాను. సముద్రానికి దూరంగా, హైదరాబాదులోనో అంతకంటే లోపలో ఒక ప్రతి ఉండి తీరాలి. రోజూ అంత దూరం డిస్కు పంపలేము కాబట్టి ఆ పని క్లౌడ్‌కు అప్పగించాం.

దగ్గరి ప్రతి కోసం రెండు డిస్కులు వాడుతున్నాం. ఒక వారం ఒకటి ఫ్యాక్టరీలో ఉంటే రెండోది ఇంట్లో బీరువాలో ఉంటుంది, శనివారం నాడు వాటిని మారుస్తాం. ఫ్యాక్టరీలో ఉన్నదాన్ని కూడా కాపీ పూర్తికాగానే ఊడదీసి వేరే గదిలో పెడతాం. ఇది అతి జాగ్రత్త అనిపించవచ్చు. 2017 మే నెలలో వాన్నాక్రై అనే హానికర ప్రోగ్రాము ప్రపంచమంతటా కంప్యూటర్లలోని ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగింది. మన రాష్ట్ర పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని కూడా అప్పుడు దాని బారిన పడ్డాయి. అటువంటి ప్రోగ్రాము కంప్యూటర్లోకి వచ్చినప్పుడు దానికి తగిలించి ఉన్న డిస్కునూ వదలదు. తీగ ఊడదీసిన డిస్కును మాత్రం అది ముట్టుకోలేదు. పెన్‌డ్రైవ్‌ను నేను బ్యాకప్‌గా లెక్కించను, అది ఫైలు ఒకచోటి నుంచి మరొకచోటికి మోసుకెళ్లడానికి మాత్రమే.

టాలీ వాడేవారికి ఒక మాట. టాలీలో కంపెనీ (అంటే మన లెక్కల ఫైలు) తెరిచి ఉండగా డేటా ఫోల్డరును మామూలుగా కాపీ చేస్తే సగం రాసిన ఫైళ్లు కాపీ కావచ్చు. కంపెనీ మూసి కాపీ చేయాలి, లేదా టాలీలోనే ఉన్న బ్యాకప్ సదుపాయం వాడాలి. ఆ సదుపాయం టాలీ లెక్కలను మాత్రమే తీసుకుంటుంది. స్కాన్ చేసిన బిల్లులు, ఎక్సెల్ పట్టికలు, ఫొటోలు అందులోకి రావు కనుక వాటికి విడిగా ఏర్పాటు చేసుకోవాలి.

ఇక క్లౌడ్. ఇక్కడ చాలామంది పొరపడుతున్నది, రెండు చోట్ల ఒకేలా కనిపించేలా చేసే సింక్‌ను బ్యాకప్ అనుకోవడం. కంప్యూటర్లో ఫైలు చెరిపితే సింక్ అక్కడా చెరుపుతుంది, ఇక్కడ పాడైతే పాడైనదాన్నే అక్కడికీ పంపుతుంది. గూగుల్ డ్రైవ్‌లో చెత్తబుట్టలో పడిన ఫైలు 30 రోజుల తరువాత శాశ్వతంగా పోతుంది. ఏడాది చివర ఆడిటు కోసం వెతికేటప్పుడు గానీ మనకు పాత ఫోల్డరు గుర్తుకు రాదు, అప్పటికి ఆ 30 రోజులు ఎప్పుడో దాటిపోయి ఉంటాయి. మా దగ్గర ఒక ఏడాది స్కాన్ బిల్లులు ఇలాగే పోయాయి. కాబట్టి డబ్బు కట్టి తీసుకునే సేవను ఎంచుకునేటప్పుడు నేను మొదట అడిగేది నిల్వ ఎన్ని జీబీలని కాదు. ఒక ఫైలు పాత రూపాలను ఎన్నాళ్లు ఉంచుతారు, చెరిపినదాన్ని ఎంతకాలం తరువాత కూడా తిరిగి ఇవ్వగలరు, ఒక నెల చందా కట్టడం ఆలస్యమైతే డేటాను ఏం చేస్తారు, మేము సేవ మానుకోవాలనుకుంటే మొత్తం డేటాను ఎలా బయటకు తీసుకోవాలి అని అడుగుతాను. వీటికి రాతపూర్వకంగా స్పష్టమైన జవాబు ఇవ్వని సంస్థ ఎంత చవకైనా నాకు అక్కర్లేదు.

క్లౌడ్ అన్నా అది ఎక్కడో ఒక భవనంలోని యంత్రమే. 2021 మార్చి 10న ఫ్రాన్సులోని స్ట్రాస్‌బర్గ్‌లో ఓవీహెచ్ అనే సంస్థ డేటా సెంటరు కాలిపోయినప్పుడు, బ్యాకప్‌ను కూడా అదే ప్రాంగణంలో ఉంచుకున్న కొందరు ఖాతాదారులు రెండూ పోగొట్టుకున్నారు. బల్ల మీద మా కంప్యూటరుకు, డిస్కుకు జరిగినదీ ఇదే.

ఇంటర్నెట్ వేగం గురించి ముందే లెక్క వేసుకోవాలి. మా డేటా మొత్తం 80 జీబీ వరకు ఉంటుంది. సెకనుకు 10 మెగాబిట్ల అప్‌లోడ్ వేగం నిలకడగా ఉన్నా మొదటిసారి పంపడానికి సుమారు 18 గంటలు పడుతుంది. ఆ తరువాత రోజూ మారిన భాగమే వెళుతుంది కనుక ఇబ్బంది ఉండదు. అయితే తుపాను తరువాత నెట్ లేని రోజుల్లో క్లౌడ్‌లోని ప్రతి ఉన్నా లేనట్టే, అందుకే బీరువాలోని డిస్కును మానలేదు.

డేటా పరుల చేతిలో పడకుండా పాస్‌వర్డుతో తాళం వేసి పంపడం తప్పనిసరి, ఎందుకంటే అందులో రైతుల, కూలీల వివరాలు ఉన్నాయి. కానీ తాళంచెవి పోగొట్టుకుంటే మనమూ బయటివాళ్లమే. టాలీ లెక్కలకు తాళం వేసే టాలీ వాల్ట్ పాస్‌వర్డు మరిచిపోతే దాన్ని తిరిగి తెచ్చే దారి లేదు. పాస్‌వర్డులను కాగితం మీద రాసి, కవరులో పెట్టి, ఒకటి బ్యాంకు లాకర్లో, ఒకటి మా అక్కయ్య ఇంట్లో ఉంచాం. క్లౌడ్ ఖాతాకు ఒక ఉద్యోగి సొంత ఫోను నంబరు ఇవ్వకూడదు. ఆయన ఉద్యోగం మానిన రోజున ఓటీపీ కోసం ఆయన వెంట తిరగాల్సి వస్తుంది.

ఎంతకాలం ఉంచాలన్నది చట్టమే కొంతవరకు తేల్చింది. జీఎస్టీ చట్టం 36వ సెక్షను ప్రకారం, ఆ ఏడాది వార్షిక రిటర్ను గడువు తేదీ నుంచి 72 నెలల వరకు లెక్కలు ఉండాలి. 2023-24 సంవత్సరానికి ఆ గడువు 2024 డిసెంబరు 31 కనుక, ఆ ఏడాది పుస్తకాలు 2030 డిసెంబరు ఆఖరు వరకు మన దగ్గర ఉండాలి. అప్పీలు నడుస్తుంటే ఇంకా ఎక్కువ. మేము ఏడు రోజువారీ ప్రతులు, నాలుగు వారపు ప్రతులు, పన్నెండు నెలసరి ప్రతులు, ఏడాదికొకటి చొప్పున ఎనిమిది ప్రతులు ఉంచుతున్నాం.

కరెంటు లేని రోజుల కోసం కాగితాన్ని వదలలేదు. నెలకు రెండుసార్లు రైతుల అడ్వాన్సు నిల్వలు, కూలి బాకీలు మాత్రం అచ్చు తీసి, ప్లాస్టిక్ కవరులో మూసి ఇంట్లో పెడతాం. తిత్లీ తరువాత మాకు చాలా రోజులు కరెంటు లేదు. ఆ రోజుల్లో ఎంత మంచి డిస్కు ఉన్నా దాన్ని తెరవడానికి వీలుండేది కాదు, కూలి మాత్రం ఆ వారమే ఇవ్వవలసి వచ్చింది.

అన్నిటికంటే నేను పట్టుబట్టి చేయించేది, ప్రతి నెల మొదటి ఆదివారం బ్యాకప్ నుంచి లెక్కలను వేరే పాత ల్యాప్‌టాప్‌లోకి తిరిగి తీసి చూడటం. 2017 జనవరి 31న గిట్‌ల్యాబ్ అనే సాఫ్ట్‌వేర్ సంస్థలో ఒక ఇంజనీరు పొరపాటున అసలు డేటాబేసునే చెరిపేశారు. తీరా చూస్తే వారు పెట్టుకున్న ఐదు రకాల బ్యాకప్ ఏర్పాట్లలో ఏదీ అనుకున్నట్టు పనిచేయలేదు, సుమారు ఆరు గంటల డేటా పోయింది. ఆ సంగతిని వారే దాచకుండా బయటపెట్టారు, అందుకు వారిని నేను గౌరవిస్తాను. అంత నైపుణ్యం ఉన్నవారికే తీసి చూస్తే గాని తెలియనిది, "బ్యాకప్ విజయవంతం" అన్న ఆకుపచ్చ గుర్తు చూసి మనకు తెలుస్తుందనుకోవడం సరికాదు.

పోయిన నెల మేము తీసి చూసినప్పుడు టాలీ 40 నిమిషాల్లో తెరుచుకుంది, నిల్వలు ముద్రించిన కాగితంతో సరిపోయాయి, కానీ తూకాల పుస్తకం ఫొటోల్లో ఆరు రోజులవి కనిపించలేదు. మా లెక్కల అబ్బాయి కొత్త ఫోను తీసుకున్నాడు, అందులో ఫొటోలు వేరే ఫోల్డరులో పడుతున్నాయి. పుస్తకం ఇంకా మా దగ్గరే ఉంది కాబట్టి ఆ ఆరు పేజీలను ఆ సాయంత్రమే మళ్లీ ఫొటోలు తీశాం. ఇప్పుడు ఆ పనికి ఫ్యాక్టరీ పేరు మీద విడిగా ఒక ఫోను కొని, తూకం కాటా పక్కనే ఉంచాం.