వాకిళ్ళు తట్టిన వారం

గుంటూరులో రైలెక్కేసరికే చినుకులు మొదలయ్యాయి. నవంబరు చివరి వారం. బంగాళాఖాతంలో అల్పపీడనం అని రెండు రోజులుగా వార్తల్లో చెబుతూనే ఉన్నారు. ఈ కాలంలో అల్పపీడనం పట్టిందంటే చిత్తూరు వైపు ముసురు ఓ పట్టాన వదలదు. "ఈసారికి మానెయ్యకూడదా" అంది అమ్మ. నేను ఒక ప్రైవేటు ఆసుపత్రిలో నర్సుని. ఏటా ఒక వారం సెలవు పెట్టి ఏదో ఒక ఊరి క్రైస్తవ సంఘంతో కలిసి పరిచర్యకు వెళ్తాను. పొద్దున సేవ, సాయంత్రం ఇల్లిల్లూ తిరిగి సువార్త చెప్పడం. ఆరేళ్ళుగా ఒక్కసారీ మానలేదు. వాన పడినప్పుడే కదా అక్కడివాళ్ళకు ఇంకో రెండు చేతులు అవసరమయ్యేది అనిపించి బయల్దేరాను.

రైల్లో నా ఎదురు బెర్తుల నిండా శ్రీవారి సేవకు వెళ్తున్న ఆడవాళ్ళు. నర్సరావుపేట దగ్గర పల్లెల వాళ్ళు. వారం పాటు తిరుమలలో ఉండి, అన్నప్రసాదం దగ్గర వడ్డించడం, కూరగాయలు తరగడం, క్యూలో ఉన్నవాళ్ళకు నీళ్ళివ్వడం వాళ్ళ పని. వాళ్ళలో పెద్దావిడ "నువ్వెక్కడికమ్మా?" అని అడిగింది. చిత్తూరుకని, చర్చి తరఫున సేవకని, దేవుని మాట చెప్పడానికని ఉన్నదున్నట్టు చెప్పాను. ఆమె ఒక క్షణం నా వైపు చూసి, "నువ్వూ వారమేనా?" అంది. వారమే అన్నాను. "అయితే చెప్పులు రెండు జతలు తెచ్చుకోవాల్సింది, తడిచెప్పులతో తిరిగితే వేళ్ళ సందులు పాసిపోతాయి" అని, పులిహోర పొట్లం విప్పి నా చేతిలో సగం పెట్టింది. ఆ మాట నిజమేనని నాకు మంగళవారానికే తెలిసింది.

తిరుపతిలో దిగితే ఏడుకొండలు కనబడలేదు. మబ్బు కిందికి దిగి కొండ మొత్తాన్ని కప్పేసింది. అక్కడి నుంచి చిత్తూరు బస్సులో సుమారు 70 కిలోమీటర్లు. చంద్రగిరి దాటాక రోడ్డుకు రెండు వైపులా మామిడి తోటల్లో నీళ్ళు నిలిచి ఉన్నాయి. పక్క సీట్లో కూర్చున్న రైతు బెల్లం వండేవాడట. వాన పడితే గానుగ ఆపేయాల్సిందే అన్నాడు. చెరకు పిప్పి ఎండితేనే కదా పొయ్యిలోకి వచ్చేది. మూడు రోజులుగా చెరకు కొట్టి పెట్టి ఉందనీ, రసం తగ్గిపోతా ఉందనీ కిటికీలోంచి బయటికి చూస్తూ చెప్పాడు. ఆయనకు ఏం చెప్పాలో నాకు తెలియలేదు. పూతలపట్టులో ఇద్దరం టీ తాగాం.

చిత్తూరులో చర్చి మందిరం వెనక గదుల్లో మా బస. మేము ఆరుగురం. నాతో పాటు కాకినాడ నుంచి వచ్చిన ఒక తమ్ముడు, ఒంగోలు దంపతులు, ఇద్దరు స్థానికులు. మొదటి రాత్రి ప్రార్థన అయ్యాక పాస్టరు అయ్యగారు పద్ధతులు చెప్పారు. ఇద్దరిద్దరుగా వెళ్ళాలి. వద్దన్న ఇంటికి మళ్ళీ పోకూడదు. లోపలికి రమ్మంటే తప్ప గడప దాటకూడదు. వాళ్ళ దేవుళ్ళ గురించి తక్కువ చేసి ఒక్క మాట మాట్లాడకూడదు. గుడి దగ్గర, గుడికి పోయే దారిలో కరపత్రం చేతికి ఇవ్వకూడదు. ఇంతా చెప్పి, "వాకిలి గట్టిగా తట్టండి, వానకు వినపడదు" అన్నారు.

మా గుంటూరులో వాకిలి అంటే ఇంటి ముందు ఊడ్చి ముగ్గు పెట్టే చోటు. ఇక్కడ వాకిలంటే తలుపే. "వాకిలి తియ్యి", "వాకిలి వేసుకో" అంటారు. మామూలు రోజుల్లో ఈ వీధుల్లో తలుపులు తీసే ఉంటాయట. బయట నిలబడి "అమ్మా, ఎవరున్నారు?" అంటే చాలు. ముసురు పట్టి అందరూ తలుపులు బిగించుకోవడంతో ప్రతి ఇంటినీ నిజంగానే తట్టాల్సి వచ్చింది.

సోమవారం సాయంత్రం నాకు జోడీగా వచ్చిన స్థానిక సిస్టర్‌కు యాభై ఏళ్ళుంటాయి. తెలుగు, తమిళం రెండూ ఒకేలా మాట్లాడుతుంది. కరపత్రాలను పాలిథిన్ కవర్లో చుట్టి, మళ్ళీ గుడ్డ సంచిలో పెట్టుకుంది. మొదటి ఇంట్లో "ఎవురు?" అని లోపలి నుంచే అడిగి, చెప్పగానే "మాకొద్దు, పోండి" అన్నారు. రెండో ఇంట్లో తలుపే తీయలేదు. మూడో ఇంట్లో తమిళం మాట్లాడే ముసలామె, మమ్మల్ని చూసి కొడుక్కి తెలిసినవాళ్ళనుకొని లోపలికి పిలిచి కూర్చోబెట్టింది. మేమెవరమో తెలిశాక కూడా లెమ్మనలేదు. సిస్టర్ తమిళంలో చెబుతుంటే ఆమె విన్నదంతా విని, తన కోడలి గురించి అరగంట మాట్లాడింది. నాకు ఒక్క ముక్క అర్థం కాకపోయినా ఆమె బాధ అర్థమైంది.

ఆ రోజు పందొమ్మిది ఇళ్ళు తట్టాం. నాలుగు ఇళ్ళలో మాట్లాడారు. "వానలో యాడికి తిరగతా ఉండారు మా" అని అడిగినవాళ్ళే ఎక్కువ. ఒక ఇంట్లో తుండుగుడ్డ ఇచ్చి తల తుడుచుకోమన్నారు. వద్దన్నవాళ్ళ మీద నాకెప్పుడూ కోపం రాదు. ఇల్లు వాళ్ళది, సాయంత్రం వాళ్ళది. కాకపోతే వద్దన్న ప్రతిసారీ లోపల చిన్నగా ఏదో తగులుతుంది. ఆరేళ్ళయినా అది పోలేదు.

రాత్రి సంగటి, చెనిగ్గింజల ఊరుబిండి తింటూ అయ్యగారు ఈ ప్రాంతంలో మిషన్ ఎలా వచ్చిందో చెప్పారు. అమెరికా నుంచి వచ్చిన స్కడ్డర్ అన్నదమ్ములు 1853లో ఆర్కాటు మిషన్ మొదలుపెట్టారు. అప్పుడు చిత్తూరు ఉత్తర ఆర్కాటు జిల్లాలో ఉండేది. విడి జిల్లా అయింది 1911లో. ఆ ఇంట్లో మూడో తరం ఆడపిల్ల ఐడా స్కడ్డర్. ఆమె కథ నేను నర్సింగ్ చదివేటప్పుడే విన్నాను. తిండివనంలో తండ్రి దగ్గర ఉండగా, ఒకే రాత్రి ముగ్గురు మగవాళ్ళు ఒకరి తర్వాత ఒకరు వచ్చి వాళ్ళ తలుపు తట్టారు. ముగ్గురి భార్యలకూ కాన్పు కష్టమైంది. ఐడా తండ్రి డాక్టరే. కానీ మగ డాక్టరు వద్దన్నారు, నువ్వే రమ్మన్నారు. ఆమె అప్పటికి డాక్టరు కాదు. తెల్లవారేసరికి ముగ్గురు తల్లులూ చనిపోయారు. ఆ తర్వాతే ఆమె అమెరికా వెళ్ళి వైద్యం చదివి, 1900లో తిరిగొచ్చి, వెల్లూరులో ఒక్క మంచంతో పని మొదలుపెట్టింది. 1918లో ఆడవాళ్ళ కోసం వైద్య పాఠశాల తెరిచింది. చిత్తూరులో ఏ ఇంట్లో అడిగినా ఒక్కరైనా ఆమె పెట్టిన వెల్లూరు సీఎంసీ ఆసుపత్రికి పోయొచ్చినవాళ్ళు ఉంటారు. ఆ రాత్రి పడుకున్నాక నాకు ఆ మూడు తట్టుళ్ళే గుర్తొచ్చాయి. ఆమె ఎవరి తలుపూ తట్టలేదు, వాళ్ళే వచ్చి ఆమె తలుపు తట్టారు.

మంగళవారం రాత్రి నుంచి జడివాన పట్టుకుంది. తెల్లారేసరికి కట్టమంచి చెరువు నిండిందని, నీవా నదిలో నీళ్ళు పెరుగుతున్నాయని కబుర్లు వచ్చాయి. ఏటి వైపు ఉన్న వీధుల్లో జనం అప్పటికే సామాన్లు మంచాల మీదికి ఎక్కించేశారు. 2021 నవంబరులో నీవా పొంగి ఇళ్ళలోకి వచ్చింది వాళ్ళకు బాగా గుర్తు. ఒక ఇంటి గోడ మీద అప్పటి నీళ్ళ గీత ఇంకా ఉంది. ఆ గీత నా నడుము కంటే పైకి ఉంది. ఈసారి నది అంత పైకి రాలేదు. వీధుల్లో మోకాలి లోతు వరకు వచ్చి ఆగింది. కానీ రేకుల ఇళ్ళు, పెంకుటిళ్ళు పైనుంచి కారిపోతున్నాయి.

ఆ రోజు కరపత్రాల సంచి మందిరంలోనే వదిలేశాం. సంఘం వాళ్ళు చందాలు వేసుకొని టార్పాలిన్ పట్టలు కొన్నారు. మగవాళ్ళు కప్పుల మీదికెక్కి కట్టారు. మేం ఇళ్ళలో నీళ్ళు ఎత్తిపోశాం, తడిసిన బియ్యం ఆరబెట్టడానికి మందిరం హాలులోకి మోశాం. నేను నీళ్ళ సంగతి చూసుకున్నాను. మురుగు కలిసిన నీళ్ళు తాగితే విరేచనాలు పట్టుకుంటాయి. ఆశా కార్యకర్త ఇచ్చిన క్లోరిన్ మాత్రలు ఇంటింటికీ పంచుతూ, 20 లీటర్లకు ఒకటి వేసి అరగంట ఆగాకే తాగాలని, వీలైతే కాచి చల్లార్చుకోవాలని చెప్పాను. ఓఆర్ఎస్ పొడి సగం సగం కలపకూడదు, ప్యాకెట్ మొత్తం ఒక లీటరు నీళ్ళలో ఒకేసారి కలపాలి. ఈ ఒక్క మాట ఎన్ని ఇళ్ళలో చెప్పానో లెక్కలేదు.

వీధి చివరి ఇంట్లో పట్ట కట్టడం అయిపోయాక, ఆ ఇంటావిడ నన్ను పక్కకు పిలిచింది. గొంతు తగ్గించి, "ఈ పట్ట తీసుకున్నందుకు చర్చికి రావల్నా మా?" అని అడిగింది.

అక్కర్లేదమ్మా, ఇది మీకే అని వెంటనే చెప్పాను. ఆమె తలూపింది. నమ్మినట్టు మాత్రం అనిపించలేదు. సోమవారం మాకు "మాకొద్దు, పోండి" అన్నది ఆ ఇంటి నుంచేనని అప్పుడే గుర్తుపట్టాను. సాయంత్రం వచ్చి సువార్త చెప్పబోయినవాళ్ళే, రెండు రోజులకు పట్ట పట్టుకొని వస్తే ఆమె ఇంకేమనుకుంటుంది? ఇల్లు కారుతుంటే వద్దనగలదా? ఆ రోజంతా చేసిన పని మీద నాకున్న సంతోషం ఆ ప్రశ్నతో పోయింది.

రాత్రి దీని గురించే మాట్లాడుకున్నాం. పట్టలు ఇచ్చిన వీధుల్లో ఈ వారం కరపత్రం ఇవ్వొద్దు, సువార్త ప్రస్తావన తేవద్దు, వాళ్ళంతట వాళ్ళు అడిగితే చెబుదాం అని నేనన్నాను. కాకినాడ తమ్ముడు ఒప్పుకోలేదు. "అక్కా, మనం వచ్చిందే ఆ మాట చెప్పడానికి కదా. మన మీద ప్రేమతో తలుపు తీసిన వీధినే వదిలేస్తే ఎట్లా?" అన్నాడు. అతని కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. అతను మాట కోసం అన్నది కాదది. ఆ మాట వల్లే తాగుడు మానిన కుర్రాడు అతను. నేను ఆసుపత్రి సంగతి చెప్పాను. నొప్పితో మెలికలు తిరుగుతున్న మనిషి ముందు కాగితం పెట్టి సంతకం చేయమనకూడదని మాకు ట్రైనింగ్‌లో నేర్పుతారు. ఆ సమయంలో మనిషి దేనికైనా ఊ అంటాడు. ఆ ఊకి విలువ లేదు. మనం చెప్పేది నిజమని మనకు నమ్మకం ఉంటే, ఎదుటి మనిషి వద్దనడానికి వీలున్నప్పుడే చెప్పాలి. అయ్యగారు చాలాసేపు మౌనంగా ఉండి, "అట్లే చేద్దాం" అన్నారు. తమ్ముడు ఆ రాత్రి నాతో మాట్లాడలేదు. మర్నాడు పొద్దున్నే అందరికంటే ముందు తట్ట, పార పట్టుకొని ఆ వీధికే వెళ్ళాడు.

గురువారం వాన కొంచెం తెరిపిచ్చింది. ఆ చివరి ఇంటావిడే మందిరానికి వచ్చి, "నర్సమ్మ ఉందా?" అని అడిగింది. ఆమె భర్తకు పదేళ్ళుగా షుగరు. రెండు రోజులు చెప్పులు లేకుండా నీళ్ళలో తిరిగాడు. బొటనవేలి కింద గాయమైంది, చీము పట్టింది. ఆయనేమో "నొప్పే లేదు కదమ్మా" అని నవ్వుతున్నాడు. నొప్పి లేకపోవడమే నాకు భయం. షుగరు ఎక్కువ కాలం అదుపులో లేకపోతే పాదాల నరాలు దెబ్బతిని స్పర్శ పోతుంది. మేకు గుచ్చుకున్నా తెలియదు. మిషన్‌తో చూస్తే షుగరు 312 ఉంది. సెలైన్‌తో కడిగి, పొడి గాజ్ గుడ్డ వేసి కట్టాను. ఈ కాలు ఇంట్లో మానేది కాదు, ఇవ్వాళే పెద్దాసుపత్రికి పోవాలని గట్టిగా చెప్పాను. పనికి పోవాలన్నాడు. వేలు పోతే పనెట్లా చేస్తావు నాయనా అని సిస్టర్ అడిగాక లేచాడు. ఆటోలో మేమిద్దరం తీసుకెళ్ళాం. టీటీ ఇంజెక్షను, చీము తీయడం, మందులు రాయడం అన్నీ అయ్యేసరికి మధ్యాహ్నం మూడు దాటింది. ఆ ఆరు గంటల్లో మేం దేవుని మాట ఎత్తలేదు. ఆమె వైపు నుంచి కూడా ఆ మాట రాలేదు.

శుక్ర, శనివారాల్లో వేరే వీధుల్లో మళ్ళీ వాకిళ్ళు తట్టాం. నీళ్ళు రాని ఎత్తు వీధులు అవి. ఒక రిటైర్డ్ టీచరు గారు మాతో గంటసేపు వాదించి, కాఫీ ఇచ్చి పంపారు. ఆ గంట నాకు చాలా ఇష్టంగా గడిచింది.

ఆదివారం ఆరాధన అయ్యాక కట్టు మార్చడానికి చివరిసారి ఆ ఇంటికి వెళ్ళాను. వాపు తగ్గింది. చర్మం రంగు కూడా కాస్త తేరుకుంది. బుధవారం మళ్ళీ చూపించుకోవాలని చీటీ మీద రాసిచ్చి లేస్తుంటే ఆమె వాకిలికి అడ్డంగా నిలబడింది.

"మా గంగమ్మకు మేం మొక్కుకున్నాం. మీరు కూడా మీ దేవునికి ఒక మాట చెప్పి పోండి."

నిలబడిన చోటే కళ్ళు మూసుకొని ప్రార్థన చేశాను. పేరు పేరునా ఇంట్లో అందరి కోసం చేశాను. ఆమె చేతులు జోడించి ఉంది. ఆయన కట్టు కట్టిన కాలు ఎత్తి స్టూలు మీద పెట్టుకొని, నేను ఆపేవరకు కదల్లేదు. తమ్ముడు వీధిలో నిలబడి ఉన్నాడు. అతనూ కళ్ళు మూసుకున్నాడు.

మధ్యాహ్నం తిరుపతి బస్సులో కూర్చున్నాక తెలిసింది, ఆమె నా సంచిలో బెల్లం అచ్చు ఒకటి పెట్టిందని. దాని కింద పాలిథిన్ కవర్లో నా కరపత్రాలు. నలభై దాకా మిగిలాయి. ఒక్కటీ తడవలేదు.