ముందుగదిలో 5.1 సౌండ్: రిసీవర్, టీవీ, సెట్‌టాప్ బాక్స్ కలిపే పని ఇక్కడిదాకా వచ్చింది

హన్మకొండలో మా ముందుగది పన్నెండడుగుల వెడల్పు, పద్నాలుగడుగుల పొడవు. గోడకు టీవీ, కింద బల్ల మీద యమహా 5.1 రిసీవర్, అంటే ఐదు స్పీకర్లకు, లోతైన శబ్దం పలికే ఒక సబ్‌వూఫర్‌కు శబ్దం పంచే పెట్టె. దానికి హెచ్‌డీఎంఐ ఇన్‌పుట్లు నాలుగు, అవుట్‌పుట్ ఒక్కటి. ప్రస్తుతానికి ముందు మూడు స్పీకర్లు, సబ్‌వూఫర్ పలుకుతున్నాయి. వెనక రెండింటికి వైరు ఇంకా లాగలేదు.

ముందు శబ్దం దారి తేల్చుకోవాలి

వైర్లు కొనకముందే తేల్చుకోవాల్సింది ఇదే. సెట్‌టాప్ బాక్సు, ఫైర్ స్టిక్ రిసీవర్‌కు పెట్టి, అక్కడి నుంచి టీవీకి ఒక్క వైరు వేయడం ఒక దారి. అన్నీ టీవీకే పెట్టి, ఏఆర్‌సీ (టీవీ శబ్దాన్ని అదే హెచ్‌డీఎంఐ వైరులో వెనక్కి పంపే ఏర్పాటు) ద్వారా శబ్దాన్ని వెనక్కి రిసీవర్‌కు తెచ్చుకోవడం ఇంకో దారి. నేను మొదటిదే పట్టుకున్నాను. ఎందుకంటే బయటి పెట్టె నుంచి 5.1 వచ్చినా, కొన్ని టీవీలు దాన్ని స్టీరియో చేసి వెనక్కి పంపుతాయి. పైగా మామూలు ఏఆర్‌సీలో డాల్బీ డిజిటల్, డాల్బీ డిజిటల్ ప్లస్ లాంటి కుదించిన శబ్దమే పడుతుంది. బ్లూ-రేలో ఉండే ట్రూహెచ్‌డీ (నాణ్యత తగ్గించని డాల్బీ శబ్దం) టీవీ మీదుగా రావాలంటే రెండు వైపులా ఈ-ఏఆర్‌సీ, అంటే ఏఆర్‌సీకి మెరుగైన రూపం, కావాలి. అది 2017లో హెచ్‌డీఎంఐ 2.1తో వచ్చింది.

మీది హెచ్‌డీసీపీ 2.2 (కాపీ కాకుండా బొమ్మకు వేసే తాళం) లేని పాత రిసీవర్ అయితే మాత్రం రెండో దారే మేలు. రక్షణ ఉన్న 4కె బొమ్మను అది దాటనివ్వదు.

మొదటి దారి పట్టినా ఏఆర్‌సీ పనికొస్తుంది. టీవీలోనే ఉన్న యాప్‌ల శబ్దం అదే వైరులో వెనక్కి వస్తుంది. కాకపోతే టీవీ వెనక ‘ఏఆర్‌సీ’ అని సన్నటి అక్షరాలతో రాసి ఉన్న పోర్టుకే వైరు పెట్టాలి. సెట్టింగుల్లో సీఈసీ (హెచ్‌డీఎంఐ వైరు మీదుగా పెట్టెలు ఒకదాన్నొకటి నడిపే సదుపాయం) ఆన్ చేయాలి. దాని పేరే ఒక్కో కంపెనీకి ఒక్కోటి: శాంసంగ్‌లో ఎనీనెట్ ప్లస్, ఎల్‌జీలో సింప్‌లింక్, సోనీలో బ్రావియా సింక్. 4కె 60 ఫ్రేముల హెచ్‌డీఆర్ బొమ్మ కావాలంటే ఆ పోర్టుకే ఇంకో సెట్టింగు పెట్టాలి. ఎల్‌జీలో డీప్ కలర్, శాంసంగ్‌లో ఇన్‌పుట్ సిగ్నల్ ప్లస్ అని వెతకండి.

మా బాపుకు పొద్దున వార్తలు కావాలి. ఆయన నన్ను అడిగింది ఒక్కటే: "గా పెద్ద డబ్బా పెట్టకుంటె టీవీ వినవడ్తదా బిడ్డా?" న్యాయమైన ప్రశ్న. రిసీవర్ మెనూలో స్టాండ్‌బై త్రూ ఆన్ చేశాను. ఇప్పుడు రిసీవర్ ఆపి ఉన్నా సెట్‌టాప్ బాక్సు బొమ్మ, శబ్దం దాని మీదుగా టీవీకి పోతాయి. ఆయన పాత రెండు రిమోట్లే ఆయనకు చాలు. ఇంట్లో పెద్దవాళ్లుంటే ఈ సెట్టింగు మొదటిరోజే పెట్టాలి.

ఫైర్ స్టిక్, సెట్‌టాప్ బాక్సు

స్టిక్‌ను రిసీవర్ వెనక నేరుగా గుచ్చితే చుట్టూ ఇనుమే, వైఫై తగ్గుతుంది. డబ్బాలో వచ్చే పొట్టి ఎక్స్‌టెండర్ వాడి కాస్త బయటికి తీశాను. కరెంటు దాని సొంత అడాప్టర్ నుంచే. సెట్‌టాప్ బాక్సులో ఆడియో అవుట్‌పుట్ పీసీఎం (ఇక్కడ ఉత్త స్టీరియో) మీద ఉంటే డాల్బీకి మార్చాలి. అయినా కొన్ని హెచ్‌డీ చానళ్లే 5.1లో వస్తాయి. మిగతావి స్టీరియోనే.

గుయ్‌మనే శబ్దం

ఎక్కువ సమయం తిన్నది ఇదే. సబ్‌వూఫర్ కలపగానే సన్నగా ‘గుయ్‌’ మొదలైంది. వాల్యూమ్ తగ్గించినా, పెంచినా అది మారదు. అలా మారకపోతే అనుమానం కరెంటు, ఎర్త్ మీదికే పోవాలి. రిసీవర్, సబ్‌వూఫర్ ఒకే బోర్డుకు పెట్టినా పోలేదు. అప్పుడు ఒక్కో వైరు పీకుతూ వచ్చాను. సెట్‌టాప్ బాక్సు వెనక కేబుల్ వాళ్ల నల్ల వైరు విప్పాను. దాని కొస పిన్ను బయటికి వచ్చిన క్షణంలో గది నిశ్శబ్దమైంది. మళ్లీ తగిలిస్తే మళ్లీ గుయ్‌.

కారణం ఏమిటంటే, ఆ వైరు పైతొడుగు స్తంభాల మీదుగా ఎక్కడో ఎర్త్ అవుతుంది, మన రిసీవర్ వైపు ఇంటి ఎర్త్ ఉంటుంది. రెండు ఎర్త్‌ల మధ్య కొద్ది వోల్టేజీ తేడా ఉన్నా చాలు, 50 హెర్ట్జ్ కరెంటు ఆ తొడుగు గుండా పారి సబ్‌వూఫర్‌లో పలుకుతుంది. ఆ నల్ల వైరుకూ బాక్సుకూ మధ్య ఒక చిన్న గ్రౌండ్ ఐసొలేటర్ (రెండు ఎర్త్‌లను విడదీసే ముక్క) పెడితే పోయింది. బొమ్మలో తేడా ఏమీ లేదు.

కొందరు మూడు పిన్నుల ప్లగ్గులో ఎర్త్ పిన్ను తీసేయమంటారు. దయచేసి ఆ పని చేయకండి, ప్రాణం మీదికి వస్తుంది. అంతకన్నా ఎలక్ట్రీషియన్‌తో ఎర్త్ చూపించండి. ఫేజుకు, ఎర్త్‌కు మధ్య 230 వోల్టుల దగ్గర ఉండాలి. న్యూట్రల్‌కు, ఎర్త్‌కు మధ్య ఒకటి రెండు వోల్టులు మించితే ఎందుకో కనుక్కోవాలి. మన దగ్గర ఎండాకాలం నేల ఎండిపోతుంది కాబట్టి ఎర్త్ గుంతలో నీళ్లు పోస్తుండాలి.

స్పీకర్ వైరు, జంపఖానా

చౌరస్తాలో ఎలక్ట్రికల్ షాపుల్లో దొరికే 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి ట్విన్ వైరు ఈ గదికి సరిపోతుంది. అల్యూమినియం మీద రాగి పూత వేసినది వద్దు. కొస గీకితే లోపల తెల్లగా కనిపిస్తుంది. తొడుగు తీశాక పోగులన్నీ గట్టిగా మెలిపెట్టి బిగించండి. ఒక్క పోగు పక్క టెర్మినల్‌కు తగిలినా రిసీవర్ తనను తాను కాపాడుకోవడానికి ఆగిపోతుంది.

గది నేల గ్రానైట్. చప్పట్లు కొడితే గణగణమని తిరిగి వచ్చేది. సెంటర్ స్పీకర్‌లో మాటలు గిన్నెలో మాట్లాడినట్టుండేవి. బీరువాలో మడిచిపెట్టిన కొత్తవాడ జంపఖానా తీసి టీవీకి, సోఫాకు మధ్య పరిచాను. మాట తేటపడింది. వరంగల్ జంపఖానాలకు 2018లో జీఐ గుర్తింపు వచ్చింది. నాకు మాత్రం ఇప్పుడు దాని మీద గౌరవం ఇంకా పెరిగింది. సెంటర్ స్పీకర్‌ను కూడా బల్ల అంచు దాకా లాగి, ముఖం కాస్త పైకెత్తాను.

ఆ తర్వాతే మైకు పెట్టి వైపీఏఓ కొలత నడిపాను, అంటే మైకుతో గదిని కొలిచి స్పీకర్లను సర్దే యమహా ఏర్పాటు. మైకు చెవుల ఎత్తులో, కూర్చునే చోటే ఉండాలి. ఫ్యాను ఆపాలి. శబ్దం మిల్లీసెకనుకు 34 సెంటీమీటర్లు పోతుంది, కాబట్టి దూరాలు సరిగ్గా పడ్డాయో లేదో టేపుతో సరిచూసుకోవాలి. సబ్‌వూఫర్ దూరం మాత్రం అసలు కన్నా ఎక్కువ చూపిస్తే మార్చొద్దు, అందులో దాని సర్క్యూట్ ఆలస్యం కూడా కలిసి ఉంటుంది. క్రాసోవర్, అంటే ఏ హద్దు కిందున్న లోతైన శబ్దం సబ్‌వూఫర్‌కు పోవాలో చెప్పే సెట్టింగు, 80 హెర్ట్జ్ పెట్టాను.

రిసీవర్ పైన జానెడు ఖాళీ వదిలాను. మే నెలలో దాని మీద సెట్‌టాప్ బాక్సు పెడితే రెండూ కాగిపోతాయి.

ఇక మిగిలింది వెనక స్పీకర్లు. కూర్చున్న మనిషికి 110 డిగ్రీల దగ్గర, అంటే పక్కకు కొద్దిగా వెనకగా, చెవికి అడుగు పైన రావాలి. ఎడమవైపు తలుపు ఉంది. అందుకే ఆ వైరు చౌకటు చుట్టూ పైనుంచి తిప్పాలి. సున్నం వేసేవాళ్లు రాకముందే కేసింగ్ పట్టీ కొట్టించాలి.