మామ్మ మూకుడులో పిజ్జా

మా ఊరికి పిజ్జా రాదు. అమలాపురానికి 14 కిలోమీటర్లు. డెలివరీ కుర్రాళ్ళు మా కాలవ వంతెన దాకా కూడా రారు. కిందటేడు మేనల్లుడి పుట్టినరోజుకి మా తమ్ముడే టౌన్లో ఓ చిన్న కొట్టు నుంచి బండి మీద తెచ్చాడు. ఇంటికొచ్చి మూత తీస్తే చీజంతా అట్టకి అంటుకుపోయి ఉంది, కింద బోడి రొట్టె. పిల్లాడు ఏడవలేదు, మూత నాకాడు.

డామినోస్, పిజ్జా హట్ రెండూ మన దేశంలో అడుగుపెట్టింది 1996లో. అప్పటికి నేను ఆరో తరగతి, పిజ్జా అన్న మాటే వినలేదు. ఇప్పుడు పుట్టినరోజంటే పిల్లలకి ముందు అదే గుర్తొస్తోంది, పూతరేకులు కావు.

ఈ వేసవి సెలవులకి దిగీ దిగగానే "అత్తా, ఈసారి ఇంట్లోనే చేద్దాం" అన్నాడు వాడు.

పావుకిలో మైదా, చెంచాడు ఈస్టు, ఉప్పు, గోరువెచ్చటి నీళ్ళు. గంటన్నర పొంగనివ్వమంది వీడియో. ఆ గంటన్నర ఏ చల్లటి ఊరి లెక్కో! మే నెల ఉక్కలో ముప్పావుగంటకే పిండి గిన్నె మూత నెట్టేసింది. మేం భోంచేసి ఓ కునుకు తీసి లేచేసరికి మళ్ళీ కూలిపోయి పుల్లటి కంపు. "ఏవే, ఇందులో కల్లు పోశావా?" అంది మామ్మ. పోయలేదు గానీ ఆవిడ ముక్కుని తప్పు పట్టలేను. కల్లుని పొంగించేదీ ఈస్టే కదా. మర్నాడు చన్నీళ్ళతో కలిపి రాత్రంతా ఫ్రిజ్‌లో పెట్టా. కుదిరింది.

ఇక చీజు. ఇటలీలో నేపుల్స్ వైపు మొజరెల్లాని గేదె పాలతో చేస్తారు. మా దొడ్లో రెండు గేదెలుండగా నేనెందుకు కొనాలి? మొదటిసారి అమ్మ అలవాటు కొద్దీ పాలు పొంగించేసింది. వెనిగర్ పోస్తే పన్నీరైంది, సాగితే ఒట్టు. రెండోసారి రెండు లీటర్ల పచ్చిపాలు, వేలు పెడితే చురుక్కుమనేదాకా మాత్రం కాచి, వెనిగర్ పోసి, విరిగిన ముద్దని ఆ వేడి నీళ్ళలోనే ముంచి ముంచి పిసికాను. చేతులు ఎర్రగా కందిపోయాయి గానీ జీళ్ళపాకం లాగినట్టు సాగింది. బత్తాయంత ముద్ద వచ్చింది.

పైన చల్లే ఒరిగానో పొట్లం వాడే తెచ్చుకున్నాడు. చింపగానే నాకు పెళ్ళివారిల్లు గుర్తొచ్చింది. ఎందుకా అని కాసేపు తెలీలేదు. మరువం! మల్లెల మధ్య పెట్టి కట్టే మరువం వాసన. చూస్తే నిజంగానే మరువమూ ఒరిగానో అక్కచెల్లెళ్ళు, ఒకే ప్రజాతి మొక్కలు. కడియపులంక పూల మార్కెట్లో దొరికేదానికి చెల్లెలన్నమాట ఈ పొట్లంలోది. మా కుండీలోంచి రెండు మరువం రెమ్మలు తుంచి వేశాను. ఇటలీవాళ్ళు పిజ్జా మీద వేసే బేసిల్ ఆకు కూడా తులసికి చుట్టమే, కానీ మామ్మ చూస్తుండగా తులసికోటలో చెయ్యి పెట్టే ధైర్యం నాకు లేదు.

అసలు గొడవంతా కాల్చడం దగ్గర. నేపుల్స్‌లో కట్టెల పొయ్యి 450 డిగ్రీల దాకా వేడెక్కుతుంది, నిమిషం, నిమిషంన్నరలో పిజ్జా బయటికి. ఆ పనితనాన్ని 2017లో యునెస్కో వారసత్వ జాబితాలోకి ఎక్కించింది. నాదేమో రెండు బర్నర్ల గ్యాస్ పొయ్యి. పెనం మీద మొదటిది అడుగు మాడింది, పైన ఉల్లిపాయ పచ్చిపచ్చిగా ఉంది. మూత పెట్టి కాల్చిన రెండోదాని మీద ఆవిరి నీళ్ళు కారి చిత్తడి చిత్తడి.

అరుగు మీంచి మామ్మ ఇక ఊరుకోలేకపోయింది. "పైన నిప్పులెయ్యకుండా రొట్టె ఎలా కాలుద్దే?"

దిబ్బరొట్టె! గ్యాస్ వచ్చాక తిరగేసి కాల్చుకుంటున్నాం గానీ, నా చిన్నప్పుడు ఇనప మూకుడు కింద కొబ్బరి డొక్కల సెగ, మూత మీద చిప్పల నిప్పులు ఉండేవి. అటక మీంచి మూకుడు దించాం. దొడ్లో మూడు ఇటుకలు పెట్టి చిప్పలు రాజేశాం. "ఇది పల్చన కదా, కింద తక్కువెయ్యి, పైన దండిగా వెయ్యి" అంది మామ్మ. మూత ముందే ఎర్రగా కాల్పించింది. ఆరేడు నిమిషాలయ్యాక నన్ను తప్పుకోమని, చీరకొంగు బొడ్లో దోపి, పట్టకారుతో ఆవిడే మూత ఎత్తింది. చీజు మీద ఒక్క నలుసు బూడిద పడలేదు. అంచు బూరెలా పొంగి అక్కడక్కడా నల్లబడింది, చీజు మీద గోధుమరంగు మచ్చలు. వాడు ఫొటో కూడా మర్చిపోయి ముక్క లాగేశాడు.

మామ్మ ఓ అంచు తుంచి నోట్లో వేసుకుని, కాసేపు నమిలి, "బానే కాలింది. పానకం ఏదీ?" అంది.

చెరుకు పానకం సీసా తెచ్చి పెట్టాను. ఆవిడ ముంచుకు తింది. వాడు ఆవిడకేసి ఓసారి, నాకేసి ఓసారి చూసి, తన ముక్క అంచు కూడా అందులో ముంచాడు.