పన్నెండున్నరా? పద్నాలుగా?

చదువుకునే రోజుల్లో స్టాటిస్టిక్స్ చాప్టర్‌ని సూత్రాలు బట్టీపట్టి గట్టెక్కాను. ఇన్నేళ్లకు ఉద్యోగం చేసుకుంటూ ఒక డేటా కోర్సులో చేరితే, రెండో వారంలోనే అది మళ్లీ ఎదురొచ్చింది. మీ సొంత డేటా ఏదైనా తీసుకుని, అది ఎంత చెల్లాచెదురుగా ఉందో కొలవండి అని అసైన్‌మెంట్.

ఆఫీసుకు నాకు రెండు దారులున్నాయి. ఒక్కోదాంట్లో ఐదేసి రోజులు వెళ్లి, పట్టిన నిమిషాలు రాసుకున్నాను. మెయిన్ రోడ్డు: 30, 32, 29, 31, 28. అడ్డదారి: 22, 24, 25, 24, 55. ఆ 55 ఓ లారీ అడ్డంగా ఆగిపోయిన రోజుది. సగటు తీస్తే రెండింటికీ సరిగ్గా 30 వచ్చింది. నమ్మకం కలగక మళ్లీ కూడి చూశాను. అంతే.

ముందు వ్యాప్తి చూశాను. పెద్దదాంట్లోంచి చిన్నది తీసేస్తే మెయిన్ రోడ్డుకు 4, అడ్డదారికి 33. పనైపోయిందనుకున్నాను గానీ, వ్యాప్తికి కొసన ఉన్న రెండు అంకెలే కనిపిస్తాయి. మధ్యలోని మూడు రోజులూ ఎలా గడిచాయో దానికి పట్టదు.

సరే, ప్రతి రోజూ సగటుకు ఎంత దూరంలో ఉందో లెక్కేద్దామని అడ్డదారితో మొదలుపెట్టాను: -8, -6, -5, -6, 25. కూడితే సున్నా! ఎప్పుడు కూడినా సున్నాయే వస్తుంది, సగటు అంటేనే అది. అందుకే వర్గాలు చేస్తాం: 64, 36, 25, 36, 625. మొత్తం 786. ఇందులో దాదాపు 80 శాతం ఆ లారీ రోజుదే. ఐదుతో భాగిస్తే 157.2, అదే విస్తృతి. కాకపోతే అది చదరపు నిమిషాల్లో ఉంటుంది. చదరపు నిమిషం అంటే ఏమిటో ఇప్పటికీ నా ఊహకు అందదు. వర్గమూలం తీస్తే మామూలు నిమిషాలకు దిగుతుంది: 12.54. ఇది స్టాండర్డ్ డీవియేషన్. మెయిన్ రోడ్డుకు 1.41.

సరిచూసుకుందామని అవే అంకెలు స్ప్రెడ్‌షీట్‌లో వేశాను. 14.02 అంది.

ఆ రాత్రి రెండు గంటలు నా తప్పు కోసం వెతికాను. వర్గాలన్నీ మళ్లీ వేశాను. చివరికి విసుగొచ్చి 786ని 4తో భాగించి చూస్తే, వర్గమూలం 14.02! తర్వాత తెలిసింది, ఆ ఫంక్షన్‌లో ఎస్, పి అని రెండు రకాలున్నాయట. పి మన దగ్గరున్నదే మొత్తం డేటా అనుకుని ఐదుతో భాగిస్తుంది. ఎస్ ఇది పెద్దదాంట్లోంచి తీసిన శాంపిల్ అనుకుని ఒకటి తగ్గిస్తుంది.

ఒకటే ఎందుకు తగ్గించాలి? సగటును ఈ ఐదు అంకెల్లోంచే తీశాం కాబట్టి అది వాటికి అనుకూలంగానే ఉంటుంది, దూరాలు అసలు కంటే తక్కువగా కనిపిస్తాయి అని కోర్సులో చెప్పారు. తల ఊపాను గానీ నమ్మకం కుదరలేదు. మూడు చీటీల మీద 1, 2, 3 రాశాను. వాటి అసలు విస్తృతి మూడింట రెండు వంతులు. ఒక చీటీ తీసి, చూసి, వెనక్కి వేసి, మళ్లీ ఒకటి తీస్తే తొమ్మిది జతలు సాధ్యం. ప్రతి జతకూ రెండుతో భాగించి విస్తృతి కట్టాను: మూడుసార్లు 0, నాలుగుసార్లు 0.25, రెండుసార్లు 1. వాటి సగటు మూడింట ఒక వంతు. అసలులో సగమే! రెండుకు బదులు ఒకటితో భాగిస్తే సరిగ్గా మూడింట రెండు. కాగితం మీద అది చూశాకే నిద్రపట్టింది.

ఒక్క లారీకే కొలత ఇంత ఊగిపోతోందని చతుర్థాంశాలకు వెళ్లాను. అంకెల్ని చిన్నదాన్నుంచి పెద్దదాకా పేర్చి నాలుగు సమాన భాగాలు చేసే హద్దులవి. మొదటి హద్దుకూ మూడో హద్దుకూ మధ్య దూరం చూస్తే, మధ్యలోని సగం డేటా ఎంత మేర పరుచుకుందో తెలుస్తుంది. అక్కడా రెండు ఫంక్షన్లే. అడ్డదారికి ఒకటి 1 అంది, ఇంకోటి 17 అంది. మొదటిదాని ప్రకారం మెయిన్ రోడ్డుకు 2, అంటే అడ్డదారే నిలకడైనది! ఐదు అంకెలతో చతుర్థాంశాల జోలికి వెళ్లడం నాదే బుద్ధి తక్కువ.

అసైన్‌మెంట్‌లో 14.02 రాసి, నాలుగుతో భాగించానని పక్కనే పెట్టాను. ఇప్పుడు ఉదయం మీటింగ్ ఉంటే మెయిన్ రోడ్డు, లేకపోతే అడ్డదారి.