రీస్టార్ట్ చేసే ముందు

నిద్ర పట్టడం లేదు. హాల్ టికెట్లు విడుదల చేసిన కాసేపటికే సైటు మొరాయించింది. అది కాదు నా బాధ. "ముందు రీస్టార్ట్ చేసేయండి" అన్న మాట ఇంకా చెవిలో మోగుతోంది.

రీస్టార్ట్ చేస్తే సర్వర్ లేస్తుంది, నిజమే. ఎందుకు చతికిలబడిందో చెప్పే ఆనవాళ్లు మాత్రం తుడిచిపెట్టుకుపోతాయి. జేస్టాక్ అనే జావా పరికరంతో థ్రెడ్ డంప్, అంటే ఆ క్షణాన ఏ పని ఎక్కడ ఆగి ఉందో చూపే జాబితా, తీయడానికి కొన్ని సెకన్లు చాలు. ఆ సెకన్ల కోసం బతిమాలుకోవాల్సి వచ్చింది! ఈలోగా మరొకాయన సర్వర్లు పెంచమంటారు. సీపీయూ ఖాళీగా ఉన్నప్పుడు సర్వర్లు పెంచి ఏం లాభం?

డంప్ తెరిస్తే తెలిసింది. సైటును నడిపే టామ్‌క్యాట్‌లో 200 థ్రెడ్లు, అంటే వచ్చినవాళ్ల పని చూసే 200 మంది పనివాళ్లన్నమాట. దాదాపు అన్నీ డేటాబేస్ కనెక్షన్ కోసం 'టైమ్డ్ వెయిటింగ్'లో, అంటే గడువు పెట్టుకుని ఎదురుచూస్తూ ఉన్నాయి. అందరూ పంచుకునే కనెక్షన్లను సిద్ధంగా ఉంచే హికారీ పూల్‌లో ఉన్నవి 10. వాటిని పట్టుకున్న థ్రెడ్లేమో మెసేజ్‌లు పంపిపెట్టే ఎస్ఎంఎస్ గేట్‌వే జవాబు కోసం పడిగాపులు కాస్తున్నాయి. ట్రాన్సాక్షన్, అంటే డేటాబేస్‌తో ఒక విడత పని, ముగియకుండానే కనెక్షన్ పట్టుకుని మెసేజ్ పంపే కోడ్ అది. ఒక్కొక్కరు రెండు సెకన్లు పట్టుకున్నా సెకనుకు ఐదుగురికే దారి. మిగిలినవాళ్లు 30 సెకన్లు చూసి ఎర్రర్‌తో వెనక్కి.

చిన్నప్పుడు కావలిలో నాన్న వెంట బ్యాంకుకు వెళ్లేదాన్ని. గుమాస్తాలు చకచకా ఇత్తడి టోకెన్లు ఇచ్చేవారు. డబ్బిచ్చే క్యాషియర్ ఒక్కరే. ఆయన ఫోను ఎత్తితే హాలంతా ఆగిపోయేది. "నంబరు పిలిస్తే చెప్పమ్మా" అని టోకెన్ నా చేతికిచ్చి నాన్న పేపరు తెరిచేవారు. నేను దాన్ని ఎంత గట్టిగా పట్టుకునేదాన్నంటే, అరచేతిలో అంకె అచ్చు పడేది. ఇంటికొచ్చి చేతులు కడుక్కున్నా ఆ ఇత్తడి వాసన పోయేది కాదు.

అన్నట్టు, ఆ రీస్టార్ట్ మాట మీద ఇంత కోపం న్యాయం కాదేమో. కనిగిరిలోనో ఉదయగిరిలోనో నెట్ సెంటర్ ముందు నిలబడిన పిల్లలకు ఊరెళ్లే బస్సు తప్పిపోతుంది. ముందు వాళ్ల పని జరగాలి. రీస్టార్ట్ చేయమనండి, కాదనను. కానీ పూల్‌ను 50 చేద్దామన్న మాటకు మాత్రం ఒప్పుకోను. గేట్‌వే నిదానిస్తే ఆ 50 కూడా అక్కడే ఇరుక్కుంటాయి.

మెసేజ్ పనిని ట్రాన్సాక్షన్ బయటికి తీసి క్యూలో వేశాక పేజీలు ఠక్కున తెరుచుకున్నాయి. అత్తయ్య చేపల పులుసు వేడి చేసి పెట్టారు.

రేపు రీస్టార్ట్ స్క్రిప్టులో మొదటి వరుసగా జేస్టాక్ చేరుస్తాను, పది సెకన్ల ఎడంతో మూడు డంపులు. ఇక ఎవరినీ బతిమాలనక్కర్లేదు.