పలాస నుంచి హైదరాబాద్ బాకీ వసూలు చేసిన వైనం: నా అనుభవం

మాది పలాసలో చిన్న జీడిపప్పు యూనిట్. పిక్కలు ఉడికించే బాయిలర్, కాలితో తొక్కే కటింగ్ మిషన్లు, ఒక డ్రయ్యర్, తొక్క తీసి గ్రేడింగ్ చేసే ఆడవాళ్లు. అంతే. ఇలాంటివి మా ఊళ్లో వీధికొకటి ఉంటాయి. అందరి కష్టమూ ఒకటే. పిక్కకు రొక్కం పెట్టాలి, పప్పు మాత్రం అరువు మీద పోతుంది. ఉద్దానం రైతు అరువివ్వడు, కరెంటోళ్లు ఇవ్వరు. చేతికి ఆముదం రాసుకుని, జీడి అంటి పొక్కిన వేళ్లతో పప్పు తీసే మనిషి శనివారం సాయంత్రం "అప్పా (అక్కా), ఈ వారమేనా ఇత్తావా?" అని అడిగితే, హైదరాబాద్ వాళ్లు డబ్బు వెయ్యలేదని చెప్పడానికి నోరు రాదు.

2024 ఆగస్టు ఆఖర్లో హైదరాబాద్‌లోని ఒక స్వీట్ల కంపెనీకి తొంభై టిన్నులు పంపాం. టిన్నుకు పది కిలోలు. ఎక్కువ డబ్ల్యూ 320 సైజు గుండు పప్పు, కొంత 240 సైజు, మిగతాది బద్ద (రెండుగా విడిన పప్పు). జీఎస్టీతో కలిపి బిల్లు ఏడు లక్షల దగ్గరకు వచ్చింది. వాళ్ల పర్చేజ్ ఆర్డర్‌లో అరవై రోజుల్లో చెల్లిస్తామని రాసుంది. దసరా వెళ్లింది, దీపావళి వెళ్లింది. మా పప్పుతో చేసిన స్వీట్లు అమ్ముడైపోయి, డబ్బాలు కూడా చెత్తలో పడుంటాయి. మాకు మాత్రం రోజుకో కబురు. చెక్కు సంతకానికి వెళ్లిందని ఒకరు, అకౌంట్స్ ఆయన సెలవులో ఉన్నాడని ఒకరు. సంక్రాంతి నాటికి ఫోను ఎత్తడమే మానేశారు.

ఇక్కడ ఇంకో మంట ఉంది. డబ్బు చేతికి రాకపోయినా ఆ బిల్లు మీద అయిదు శాతం జీఎస్టీ మరుసటి నెల ఇరవయ్యో తారీకుకల్లా మేం కట్టేశాం. మేం కట్టిన పన్నును వాళ్లు క్రెడిట్‌గా, అంటే తాము కట్టాల్సిన పన్నులో తగ్గింపుగా, వాడేసుకున్నారు కూడా. అరువిచ్చిన వాడే ఎదురు పెట్టుబడి పెట్టినట్టు.

మా ఆడిటరు గారికి చెప్పుకుంటే ఆయన అడిగిన మొదటి మాట, "అమ్మా, మీకు ఉద్యమ్ ఉంది కదా?" అని. ఉద్యమ్ అంటే చిన్న పరిశ్రమలకు కేంద్రం ఇచ్చే రిజిస్ట్రేషన్. ఉంది. 2021లో బ్యాంకు లోనుకు వెళ్లినప్పుడు అడిగితే తీసుకున్నాం. ఉద్యమ్ పోర్టల్ 2020 జులై 1న మొదలైంది. ఆధార్, పాన్ ఉంటే ఇంట్లో కూర్చునే చేసుకోవచ్చు, పైసా ఫీజు లేదు. ఈ ముక్క గట్టిగా ఎందుకు చెప్తున్నానంటే, అచ్చం ప్రభుత్వ సైటులా కనిపించే ప్రైవేటు సైట్లు పెట్టి దీనికి వేలల్లో గుంజే వాళ్లున్నారు.

సర్టిఫికెట్ తారీకు చూసి ఆయన స్థిమితపడ్డారు. సరుకు పంపే నాటికే రిజిస్ట్రేషన్ ఉండాలని 2021లో సుప్రీంకోర్టు ఒక తీర్పిచ్చిందట. నిజంగా అంత పట్టింపు అవసరమా అని 2025 జనవరిలో ఇంకో బెంచి సందేహపడి, విషయాన్ని పెద్ద బెంచికి పంపింది. ఆ గొడవ ఎలా తేలినా, సర్టిఫికెట్ ముందు నుంచీ ఉన్న వాళ్లకు ఆ బెంగ లేదు.

తర్వాత ఆయన చట్టం విడమర్చి చెప్పారు. 2006 నాటి ఎంఎస్ఎంఈడీ (సూక్ష్మ, చిన్న, మధ్య తరహా పరిశ్రమల అభివృద్ధి) చట్టం ప్రకారం సూక్ష్మ, చిన్న పరిశ్రమల దగ్గర సరుకు కొన్నవాడు రాతపూర్వక ఒప్పందం లేకపోతే 15 రోజుల్లో డబ్బివ్వాలి. ఒప్పందం ఉన్నా 45 రోజులు దాటకూడదు. వాళ్లు ఆర్డర్‌లో అరవై అని రాసుకున్నా, తొంభై అని రాసుకున్నా చట్టం ముందు అది నలభై అయిదే. మా సరుకు ఆగస్టు 30న చేరింది, కాబట్టి అక్టోబర్ 14తో గడువు తీరింది. ఆపైన రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంక్ రేటుకు మూడు రెట్లు వడ్డీ, అదీ నెలనెలా అసలులో కలిసే చక్రవడ్డీ. అప్పటికి బ్యాంక్ రేటు 6.75 శాతం. మూడు రెట్లంటే ఏడాదికి 20.25. ఈ లెక్క విన్నప్పుడు మా మరిది మొహం చూడాలి! ఫోను తీసి అక్కడికక్కడే లెక్కలు మొదలెట్టాడు.

"లెక్కలు తర్వాత బాబూ, ముందు కాయితాలు తీయండి" అన్నారు ఆడిటరు గారు.

పర్చేజ్ ఆర్డర్, ఇన్‌వాయిస్, ఈ-వే బిల్లు, లారీ రసీదు, వేబ్రిడ్జి చీటీ, బ్యాంకు స్టేట్‌మెంటు. వీటన్నిటిలోకీ మాకు బాగా పనికొచ్చింది లారీ రసీదు వెనక వాళ్ల గోడౌన్ మనిషి వేసిన సంతకం, రబ్బరు స్టాంపు, తారీకు. మా లారీ డ్రైవరు చాదస్తపు మనిషి. స్టాంపు పడందే టార్పాలిన్ విప్పడు. ఆ చాదస్తానికి ఇప్పటికీ దండం పెడతాను.

జనవరిలో కంపెనీ డైరెక్టర్ల పేరిట రిజిస్టర్డ్ పోస్టులో ఉత్తరం పంపాం, ఈమెయిల్లో కూడా. తిట్లు లేవు, బతిమాలడం లేదు. బిల్లు నంబరు, చేరిన తేదీ, గడువు తీరిన తేదీ, గడువు గురించి చెప్పే సెక్షన్ 15, వడ్డీ గురించి చెప్పే సెక్షన్ 16, ఆనాటికి వడ్డీ ఎంత. కింద రెండు విషయాలు చేర్చాం. 180 రోజుల్లో మాకు డబ్బివ్వకపోతే మీరు వాడుకున్న జీఎస్టీ క్రెడిట్ వడ్డీతో సహా వెనక్కి కట్టాలి, ఆ గడువు ఫిబ్రవరి ఆఖర్లో తీరుతుంది. రెండోది, మీది ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ కాబట్టి 45 రోజులు దాటిన చిన్న పరిశ్రమల బాకీలను ఆరు నెలలకోసారి కంపెనీల రిజిస్ట్రారుకు ఇచ్చే ఎంఎస్ఎంఈ ఫారం 1లో చూపించాలి, మా బాకీ అందులో చూపించారా?

ఫోను ఎత్తని వాళ్ల నుంచి వారం తిరక్కుండా జవాబొచ్చింది. ఏమనయ్యా అంటే, మీ సరుకులో చెమ్మ ఎక్కువ, ముక్క శాతం ఎక్కువ, అందుకే ఆపాం అని. అయిదు నెలల తర్వాత!

నాకు ఒళ్లు మండింది గానీ ఆడిటరు గారు నవ్వారు. చట్టంలో దానికి మందుంది. సరుకు మీద అభ్యంతరముంటే చేరిన 15 రోజుల్లోపు రాతపూర్వకంగా చెప్పాలి. చెప్పలేదంటే సరుకు చేరిన రోజే ఒప్పుకున్నట్టు లెక్క. వాళ్లు చెప్పకపోగా, సెప్టెంబర్‌లో వాళ్ల పర్చేజ్ మేనేజర్ మా మరిదికి వాట్సాప్‌లో పెట్టిన మెసేజ్ ఉంది, "సరుకు బాగుంది, దీపావళికి ఇంకో యాభై టిన్నులు రెడీ చేయండి" అని. డబ్బు రాలేదని ఆ యాభై మేం పంపలేదు. ఆ మెసేజ్ ఫోన్లో ఉండగానే ప్రింటు తీయించి, ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి ఇవ్వాల్సిన సర్టిఫికెట్ జత చేశాం. పాత సాక్ష్య చట్టంలో 65బి అనేవారే, 2024 జులై 1 నుంచి భారతీయ సాక్ష్య అధినియం వచ్చాక అది సెక్షన్ 63 అయింది. ఫోన్లు మార్చే వాళ్లు ఇలాంటి చాట్లు చెరిగిపోకుండా చూసుకోండి.

ఫిబ్రవరిలో, చిన్న పరిశ్రమల బాకీల ఫిర్యాదుల కోసం కేంద్రం పెట్టిన సమాధాన్ పోర్టల్‌లో కేసు వేశాం. 2017 నుంచి ఉన్న పోర్టలే. ఉద్యమ్ నంబరు కొట్టి, ఆధార్‌కు లింకైన ఫోనుకు వచ్చిన ఓటీపీ ఇస్తే లోపలికి వెళ్తాం. కొన్నవాళ్ల వివరాలు, బిల్లు మొత్తం, తేదీలు నింపి కాయితాల పీడీఎఫ్‌లు పెట్టాలి. పని పెద్దదేం కాదు. ఫైలు సైజు ఎక్కువైందని అది వెనక్కి కొడుతుంటే, కాశీబుగ్గ నెట్ సెంటర్ కుర్రాడు ఓపిగ్గా అన్నీ కుదించి పెట్టాడు. మరో సందేహం ఉండేది, కేసు కోసం హైదరాబాద్ తిరగాలా అని. అక్కర్లేదు. అదే ఎంఎస్ఎంఈడీ చట్టం సెక్షన్ 18 ప్రకారం అమ్మినవాడు ఏ రాష్ట్రంలో ఉంటే అక్కడి, ఇలాంటి బాకీల గొడవలు తేల్చే ఫెసిలిటేషన్ కౌన్సిలే విచారిస్తుంది, కొన్నవాడు దేశంలో ఎక్కడున్నా సరే. శ్రీకాకుళం డీఐసీ (జిల్లా పరిశ్రమల కేంద్రం) ఆఫీసుకు మాత్రం వెళ్లొచ్చాం, కాయితాలన్నీ సరిగా ఉన్నాయో లేదో చూపించుకోవడానికి.

ఇక అసలు సంగతి. డబ్బు తెప్పించింది కౌన్సిలా అంటే, నా ఉద్దేశంలో కాదు. మార్చి నెల తెప్పించింది.

2023 ఫైనాన్స్ చట్టంతో ఆదాయపు పన్ను చట్టంలో 43బి(హెచ్) అనే నిబంధన చేరింది, 2024 ఏప్రిల్ 1 నుంచి అమలు. సూక్ష్మ, చిన్న పరిశ్రమలకు గడువు దాటి బాకీ ఉండి, మార్చి 31కి కూడా కట్టకపోతే, ఆ సరుకును ఆ ఏడాది ఖర్చుగా చూపించుకోవడం కుదరదు. కట్టిన ఏడాదే చూపించుకోవాలి. మా బిల్లుకు వాళ్లకు పడే అదనపు పన్ను లక్షన్నర పైనే. అంటే ఆలస్యం చేసి ఇంత కాలం మా డబ్బు మీద మిగుల్చుకున్నదంతా ఒక్క దెబ్బకు పోతుంది. పల్లెటూరి వాళ్ల ఫోను ఎత్తకపోయినా, సొంత ఆడిటరు ఫోను ఎత్తాలి కదా. ఆ నెల ఆఖరి వారంలో అసలు మొత్తం మా ఖాతాలో పడింది. మెసేజ్ చూసి మా మరిది బ్యాంకుకు వెళ్లి పాస్‌బుక్ ప్రింటు వేయించుకుని మరీ వచ్చాడు.

వడ్డీ మిగిలింది. అక్టోబర్ 14 నుంచి మార్చి ఆఖరు దాకా లెక్క కడితే అరవై ఏడు వేల పైచిలుకు. అసలు కట్టేశాం కదా, ఇంకా కేసేమిటి, వెనక్కి తీసుకోండి అని వాళ్ల వాదన. అసలు కట్టినంత మాత్రాన చట్టప్రకారం వడ్డీ పోదు. కౌన్సిల్‌లో ముందు రాజీ ప్రయత్నం, అది కుదరకపోతే ఆర్బిట్రేషన్, అంటే మధ్యవర్తి విచారణ. అవార్డు, అంటే ఆ విచారణ తీర్పు, వచ్చాక దాన్ని కోర్టులో సవాలు చేయాలంటే కొన్నవాడు ముందు 75 శాతం డిపాజిట్ చేయాలి. ఇదంతా మాకు బలమే. అయినా రాజీలోనే నలభై వేలకు ఒప్పేసుకున్నాం. మా మరిదికి ఇష్టం లేదు. "వదినా, మన హక్కది, పైసా వదలకూడదు" అన్నాడు. చట్టంలో 90 రోజుల్లో తేల్చాలని ఉన్నా అలా తేలడం అరుదని విన్నాను. అప్పటికి కొత్త పిక్క సీజన్ మీద పడింది. చేతిలో నలభై వేలుంటే పిక్క వస్తుంది, అవార్డు కోసం ఎదురుచూస్తే రాదు. ఇప్పటికీ అదే సరైన బేరమంటాను.

ఈ చట్టానికి ఇంకో మొహం కూడా చూశాను. 43బి(హెచ్) వచ్చాక కొందరు కొనుగోలుదార్లు ఉద్యమ్ ఉన్న చిన్నవాళ్ల దగ్గర కొనడానికే వెనకాడుతున్నారు. ఒక బ్రోకరైతే, "అమ్మా, ఆ ఉద్యమ్ రద్దు చేసేసుకోండి, ఆర్డర్లు నేను చూసుకుంటాను" అన్నాడు మొహమాటం లేకుండా. రద్దు చేసుకుంటే రేపు వాడు ఎగ్గొట్టినా అడిగే దిక్కుండదు. కుదరదని చెప్పి టీ ఇచ్చి పంపేశాను.

మా పెద్దమ్మ కొడుక్కి కాశీబుగ్గలో హోల్‌సేల్ కిరాణా. నా సంగతి తెలిసి, "అప్పా, నా బాకీలకి కూడా ఒక కేసు పడేద్దూ" అని వచ్చాడు. వాడికీ ఉద్యమ్ ఉంది. కానీ 2021 జులైలో రిటైల్, హోల్‌సేల్ వ్యాపారులకు ఉద్యమ్‌లో చోటిచ్చినప్పుడు దాన్ని బ్యాంకుల ప్రాధాన్య రంగ రుణాల వరకే పరిమితం చేశారు. బాకీల రక్షణ వాళ్లకు వర్తించదు. తయారు చేసేవాళ్లకు, సేవలందించేవాళ్లకే. వాడు మామూలుగా లాయరు దగ్గరకు వెళ్లాల్సిందే. పప్పు తీసే వాడికో న్యాయం, పప్పు అమ్మే వాడికో న్యాయమా అని వాడు అడిగితే నా దగ్గర జవాబు లేదు.

మేం కేసు వేశాక కొన్ని మారాయి. 2025 ఏప్రిల్ 1 నుంచి పరిమితులు పెంచారు. పెట్టుబడి రెండున్నర కోట్లు, టర్నోవర్ పది కోట్ల దాకా సూక్ష్మ, పాతిక కోట్లు, వంద కోట్ల దాకా చిన్న పరిశ్రమ. అదే ఏడాది జూన్‌లో ఇలాంటి బాకీల కోసం కొత్తగా ఆన్‌లైన్ వివాద పరిష్కార పోర్టల్ ప్రారంభించారు. 2026 ఏప్రిల్ 1 నుంచి కొత్త ఆదాయపు పన్ను చట్టంతో సెక్షన్ నంబర్లు వేరు కాబట్టి, ఉత్తరం రాసేటప్పుడు పాత నంబరు దించేయకుండా మీ ఆడిటరుకు చూపించుకోండి.

ఇప్పుడు మా ప్రతి ఇన్‌వాయిస్ మీద ఉద్యమ్ నంబరు, "సూక్ష్మ పరిశ్రమ, తయారీ" అన్న మాట, చెల్లింపు గడువు తేదీ అచ్చేసి ఉంటాయి. ఆ స్వీట్ల కంపెనీ మొన్న మళ్లీ ఫోను చేసింది, ఈసారి నూట ఇరవై టిన్నులు కావాలట. సగం అడ్వాన్సు పడ్డాక లోడు ఎత్తుతామని చెప్పాను. బేరం నడుస్తోంది.